పట్టుచీరల మధ్య నా డాక్యుమెంటరీ

నేనుంటున్న ఈ పరాయి దేశంలోని తెలుగు నర్సుల మీద ఆరు నెలలుగా నేను తీస్తున్న డాక్యుమెంటరీ అంతా ఒక్క పాత హార్డ్ డ్రైవ్‌లోనే ఉంది. ఈ రోజు పొద్దున అది టకటకమనడం మొదలుపెట్టింది. కంగారుపడి మూర్తి అంకుల్‌కి ఫోన్ చేశాను. ఆయన ఊరి బయట క్లోనీ అనే చోట డేటా సెంటర్‌లో పనిచేస్తారు.

“నాలుగు టీబీల ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ ఒకటి కొనేస్తా అంకుల్.”

“ఒక్కటే కొన్నావనుకో, అది పోతే మళ్లీ నాకే ఫోన్ చేస్తావు. ఎడిటింగ్‌కి వేగంగా నడిచే చిన్న ఎస్‌ఎస్‌డీ చాలు. దాచుకోడానికి మామూలు హార్డ్ డ్రైవ్ తీసుకుని మా ఇంట్లో పెట్టు. మా సెంటర్‌లోనూ ఏదీ ఒక్క చోటే ఉంచం తల్లీ.”

అలాగే కొన్నాను. పాతది చివరి ఫైలు కాపీ అయ్యేదాకా ఓపిక పట్టింది. సాయంత్రం రెండో కాపీ తీసుకెళ్తే, ఆంటీ దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టారు. ఈ దేశపు చెమ్మ చేరని చోటు ఆ ఇంట్లో అదొక్కటేనట. తర్వాత ఇంకో డ్రైవ్ తెచ్చి నా చేతికిచ్చారు.

“ఇందులో మా పాప డ్యాన్సులు, పుట్టినరోజులు ఉన్నాయి. ఇది నీ దగ్గరుంచమ్మా.”

పన్నెండేళ్ల పాప గుమ్మం దాకా వెంటపడింది. “అక్కా, ప్లీజ్ డోంట్ వాచ్ దెమ్. దే ఆర్ మార్టిఫైయింగ్!” వాటిని నేను చూస్తే సిగ్గుతో చచ్చిపోతుందట.

మూడేళ్లలో నాలుగు ఇళ్లు మారినదాన్ని నేను. అలాంటి నన్ను నమ్మి ఒక బాల్యం మొత్తం అప్పగించారు. బస్సులో సంచి మీద నుంచి చెయ్యి తీయలేదు. నాకున్నది ఒక్కటే పట్టుచీర, ఇంటికి రాగానే ఆ డ్రైవ్‌ని అందులోనే చుట్టి పెట్టాను.

మరి మీ రెండో కాపీ ఎవరింట్లో ఉంది?