గొడుగాయన అన్న మాట

ఆ బొమ్మ కింద రాసి ఉన్నది నేను చెప్పిన మాట కాదు. నేను చెప్పింది నా సొంత కల్పన. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ పూట సంగతులన్నీ రాసి, ఇదొక్కటి దాటేశాను.

ఎనభైల చివర్లో మేం కృష్ణానగర్‌లో ఉండేవాళ్లం. నాన్న సినిమా సెట్లలో సామాను సర్దే పని చేసేవాడు. జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగళాను షూటింగుకి తీసుకున్నప్పుడు, కాలేజీ సెలవులు కదా అని నన్నూ వెంట తీసుకెళ్లాడు. టీపాయ్ మీద నిన్న ఏ వస్తువు ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉండేలా చూడడం నా పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని కనుక నాకు నచ్చింది.

ఇంటావిడ పెద్దావిడ, కోస్తా వైపు మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. షూటింగ్ జరుగుతున్నంతసేపూ వెనక వరండాలో కూర్చునేది. ఖాళీ దొరికితే నేను మూలన చదువుకోవడం చూసి, ఒకరోజు లోపల్నుంచి లావాటి పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఎర్ర తోలు అట్ట, దాని వీపున బంగారు గీతలు, కాగితాల అంచులకూ బంగారు పూత. విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు హాస్యం. పేజీకో బొమ్మ.

“మా ఆయన ఇది చూసి పడీ పడీ నవ్వేవారు. ఏంటండీ అంటే, చెప్పబోయి మళ్లీ నవ్వేసేవారు. చివరికి చెప్పకుండానే పోయారు. నువ్వు చెప్పవే అమ్మాయ్!”

ఆవిడ తీసిన పేజీలో, గాలికి తిరగబడ్డ గొడుగు ఒక దొరను ఈడ్చుకుపోతోంది. ఆయన ఎదురుగా వస్తున్న దొరసానికి టోపీ ఎత్తి ఏదో అంటున్నాడు. ఆ పాత ఇంగ్లీషు నాకు సరిగా అర్థం కాలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది.

“‘మా ఇంటామెకు జర చెప్పండి, అన్నానికి లేటైతదని’ అంటున్నడమ్మా.”

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఇదా! అచ్చం మా ఆయనే! ఒక్కపూటన్నా వేళకి తిన్నారా మహానుభావుడు!” కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రోజూ ఆ పేజీయే తీయమనేది.

ఆఖరి రోజు సీనులో తండ్రి కోపంతో కొడుకు మీదకి పుస్తకం విసరాలి. సెట్ పుస్తకాలన్నీ థర్మోకోల్ ముక్కలకు అట్టలు అంటించినవే. విసిరితే తేలుతూ వెళ్లి పడింది.

“ఏంటయ్యా ఇది, పుస్తకమా పావురమా?” అన్నాడు డైరెక్టరు.

అందరూ నవ్వుతుంటే అసిస్టెంటు పరుగెత్తి వరండాలోంచి ఎర్ర పుస్తకం పట్టుకొచ్చాడు. “సార్, గా పుస్తకం మన సామాను కాదు, ఇంటోళ్లది!” అని నాన్న అరిచేలోపే అది గోడకు కొట్టుకుంది. అట్ట ఊడిపోయింది.

నాన్న వెళ్లి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “బైండింగ్ చేపిచ్చి తెస్తనమ్మా.”

“పోన్లెండి. చదివే పిల్ల దగ్గరే ఉండనివ్వండి” అంటూ దాన్ని నా చేతుల్లో పెట్టింది.

ఇంటికొచ్చి డిక్షనరీ ముందేసుకున్నాను. “ఎందాకా అండీ?” అని అడుగుతోంది దొరసాని. “నన్నడిగితే ఏం లాభం, గొడుగునడగండి” అంటున్నాడాయన. అందులో భార్యా లేదు, భోజనమూ లేదు.

ఒకసారి ఆ ఇంటి గేటు దాకా వెళ్లాను. నిజం చెబితే, ఆవిడకి ఇన్నేళ్లకి దొరికిన భర్త నవ్వును లాగేసుకున్నట్టవుతుంది. చెప్పకపోతే, పక్కన కూర్చుని అదే అబద్ధం మళ్లీ చదవాలి. రెండూ చేతకాక తిరిగొచ్చేశాను. మరో సినిమా పని మీద నాన్న అటు వెళ్లేసరికి, ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారట. పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది.

ఆ ఆఖరి రోజు సామాను వ్యానుకి ఎక్కిస్తుంటే, ఆవిడ నెమ్మదిగా గేటు దాకా నడిచొచ్చింది.

“మళ్లీ రావే అమ్మాయ్. వచ్చేటప్పుడు ఇంత బరువు పుస్తకం మోసుకురావద్దులే. ఆ గొడుగాయన అన్న మాటొక్కటి గుర్తుంటే చాలు.”