కదిలిన గొంతు

ఫొటో స్టూడియో నడిపే ఆ యాభై రెండేళ్ల మనిషిని వీధి వీధంతా కప్పల వదిన అంటుంది. ఆ పేరు మొదట పెట్టింది కౌంటరు చూసుకునే మరిది. వానాకాలం పొద్దున్నే నీళ్లట్యాంకు వెనక కాలవగట్టున బురదలో బోర్లా పడుకుని, తొమ్మిదింటికి మోచేతుల నిండా మట్టితో వచ్చి పాస్‌పోర్టు ఫొటోలు తీసే వదినను ఇంకేమని పిలవాలని అతని వాదన. ఆమె కాదనలేదు. సాక్ష్యాలన్నీ అతని వైపే ఉన్నాయని ఒప్పుకుంది.

మొదట్లో ఆమె తీసిన కప్పలు చూడదగ్గవి కావు. నిలబడి పైనుంచి తీస్తే పాచిపట్టిన గులకరాళ్లలా ఉండేవి. ఫ్లాష్ కొడితే తడి చర్మం మీద తెల్లమచ్చ పడేది. కెమెరా కప్ప కంటి ఎత్తుకు దిగాలనీ, వెలుతురు తెల్లగుడ్డలోంచి వడకట్టుకుని రావాలనీ, ఏది మసకబారినా కన్ను మాత్రం మసకబారకూడదనీ తెలుసుకునేసరికి నాలుగు వానాకాలాలు గడిచాయి. తీరా అన్నీ కుదిరాక కప్ప గెంతేది. కప్పల తక్కెడ అన్నవాళ్లు ఊరికే అనలేదు.

అప్పుడొక పాతకాలపు ఫొటోగ్రాఫరు కిటుకు చెప్పాడు. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే కప్ప బొమ్మలా కూర్చుంటుందట. చాలామంది చేసేదేనట. ఆమె కూడా ఒకసారి చేసింది. పది నిమిషాలెందుకు, ఐదు చాలని తొందరపడి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఐసుగడ్డల అరలోకి తోసింది. ఇంతలో చంటిబిడ్డతో ఒక కుటుంబం ఫొటోకు దిగింది. బిడ్డ ఏడుపు మానదు, ఫొటో లేనిదే పెద్దలు కదలరు. మూడు గంటల తర్వాత గుర్తొచ్చి మూత తీస్తే కప్ప బొమ్మలాగే ఉంది. ఇక ఎప్పటికీ అంతే.

ఆ డబ్బాను ఆమె పారెయ్యలేదు. కడిగి, రోజూ కళ్ల ముందుండేలా బల్ల మీద పెట్టి అందులో పెన్నులు వేసుకుంది.

ఈ ఏడు మ్యూజియంవాళ్లు కొత్త హాలు గోడకు చిన్న జీవుల ఫొటోలు పది అడిగారు. స్టూడియో గడప దాటి ఆమె తీసిన ఫొటో ఎక్కడైనా గోడెక్కడం అదే మొదటిసారి అవుతుంది. నత్త, సాలీడు, తొండ, అన్నిటినీ మెచ్చుకుంటూ వచ్చిన క్యూరేటరు కప్ప దగ్గర ఆగాడు. గొంతు మసగ్గా ఉంది, మళ్లీ తియ్యమన్నాడు. ఫ్రిజ్ సంగతి కూడా అతనే గుర్తుచేశాడు. మూడు వారాల్లో కుదరకపోతే ఆ చోట మరొకరు తీసిన కప్ప వస్తుందన్నాడు. మనిషి చెడ్డవాడేమీ కాదు. గోడకు జవాబుదారీ అతనే.

ఇంటికొచ్చాక మరిది బతిమాలాడు. “పది నిమిషాలే కదా వదినా. చలికాలంలో అవెలాగూ ముడుచుకునే పడుంటాయి. నీ పేరు గోడెక్కే రోజు మళ్లీ వస్తుందా?”

“చలికాలం వస్తోందని వాటికి ముందే తెలుస్తుంది. మన ఫ్రిజ్ చెప్పి రాదుగా,” అంది ఆమె.

మర్నాటి నుంచి తెల్లవారకముందే గట్టు చేరింది. పాత దిండు గలీబును తీగచట్రానికి బిగించి వెలుతురుకు అడ్డం పెట్టింది. ఇసుక నింపిన సంచి మీద కెమెరా ఆనించింది. మొదటివారం ఆమె నీడ పడితేనే కప్ప నీళ్లలోకి దూకేది. మూడోవారానికి ఆమెను కూడా గట్టులో భాగమే అనుకుందో ఏమో, ఎదురుగా కూర్చుంది.

క్యూరేటరు కొత్త ఫొటో చూసి నిట్టూర్చాడు. “గొంతు మళ్లీ మసకే కదమ్మా.”

“కన్ను చూడండి సార్. వేళ్లు చూడండి. వేలికింద నీటిబొట్టు చూడండి. కెమెరా కదిలుంటే అవన్నీ చెదరాలి. కదిలింది నా చెయ్యి కాదు, దాని గొంతు. బతికున్న కప్పకు అది ఆగదు.”

అతను భూతద్దం తీసి చాలాసేపు చూశాడు. ఆమె చెప్పింది నిజమేనని ఒప్పుకున్నాడు కూడా. కానీ చూసేవాళ్లు లోపమనే అనుకుంటారన్నాడు. అయితే కింద ఆ మాటే రాయించండని ఆమె అంది. రాయిస్తే, పక్కగోడ మీద వేరేవాళ్లు తీసిన కప్పల గొంతులు అంత స్పష్టంగా ఎలా వచ్చాయని అడుగుతారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది అతని పని. చివరికి ఆమె కప్పను తీసేసి, దాని చోట మరొకరిది పెట్టి, మిగతా తొమ్మిదీ ఉంచుకుంటానన్నాడు.

ఆమె పదీ కవర్లో సర్దుకుంది. “చల్లబెట్టిన కప్ప పక్కన నా నత్త కూడా ఉండదు సార్,” అని లేచింది.

ఇప్పుడా కప్ప స్టూడియో వీధివైపు అద్దం వెనక, పాస్‌పోర్టు నమూనాలను తీసేసిన చోట, తలుపంత ఎత్తున ఉంది. దాని కింద ఖాళీ ప్లాస్టిక్ డబ్బా. పెన్నులు తీసేసి దాన్ని అక్కడ పెట్టింది మరిదే. గొంతు దగ్గర మసకేమిటని ఎవరైనా అడిగితే జవాబు చెప్పేది కూడా అతనే.

“ఊపిరి పీలుస్తోందండీ. మీరు పీల్చరా?”

లోపల వదిన, కుర్చీలో బిగుసుకుపోయిన మనిషితో, గడ్డం కొంచెం దించి మామూలుగా గాలి పీల్చుకోమంటోంది.