గొట్టంలో ఆగిన గుండు

అమెరికాలోని కెంటకీ కొండల్లో ఓర్వల్ టాకెట్ అంటే తూటాల పిచ్చోడని ఊరంతా ఎరుగును. బొగ్గు గనిలో నడుం పడిపోయి పని మానేశాక, ఇంటి వెనక షెడ్డులో కూర్చుని సొంతంగా తూటాలు కట్టుకోవడమే అతని లోకం. పిస్తోలు తూటాని రైఫిల్లో పెట్టి పేల్చి, వేగం కొలిచే యంత్రం ముందు పసిపిల్లాడిలా గెంతేవాడు. గొట్టం పొడుగైతే గుండు వేగం పెరుగుతుందని చర్చి మెట్ల మీద కూడా పాఠం మొదలెట్టేవాడు. పాపం, పాస్టరుగారు అతన్ని చూస్తే పక్క గుమ్మంలోంచి జారుకునేవారు.

భార్య వెల్డాకు మణికట్టు నొప్పి. ఆమె రివాల్వరు వెనక్కి తన్నకుండా తుపాకిమందు బాగా తగ్గించి తూటాలు కట్టాడు. అవి అందులో హాయిగా పేలాయి. ఆమె రైఫిల్లోనూ పనికొస్తే కోళ్ళ మీదికొచ్చే నక్కకు మూడినట్టేనని, ఆదివారం భోజనాలయ్యాక ఆమెచేతే కాల్పించాడు.

టప్పుమని చిన్న చప్పుడు. యంత్రం మీద అంకె పడలేదు.

"ఎండలో దీనికి కళ్ళు కనపడవే. ఇంకోటి కాల్చు," అన్నాడు ఓర్వల్.

వెల్డా రెండో తూటా ఎక్కించి, చెంప ఆనించి ఆగింది. "గురి కాగితానికి చిల్లు పడలేదేంటయ్యా?"

"గురి తప్పావు, ఇంకేముంది! వయసైపోయింది, ఒప్పుకోవే. కాల్చు!"

"నేనా? తప్పానా?" ఏటా పందెంలో మగాళ్ళందరినీ ఓడించి టర్కీ కోడిని ఇంటికి తెచ్చే మనిషి ఆమె. పౌరుషం పొడుచుకొచ్చింది. తుపాకీ దించి, తూటా తీసేసి, గొట్టం తుడిచే కడ్డీని లోపలికి దూర్చింది. కడ్డీ సగంలోనే ఆగిపోయింది.

"ఇదిగో నీ గుండు!"

ఓరి దేవుడో! రివాల్వరు పొట్టి గొట్టం దాటేసిన గుండు, మందు చాలక రైఫిల్ పొడుగు గొట్టంలో ఇరుక్కుపోయింది. దాని వెనక ఇంకోటి పేలితే గొట్టం ఆమె మొహం మీదే బద్దలయ్యేది. కాల్చమన్నది తనే, అదీ రెండుసార్లు! ఓర్వల్‌ గడ్డిలో కూలబడ్డాడు.

"చంపేసుండేవాణ్ణే నిన్ను..."

వెల్డా కడ్డీ బయటికి లాగింది. "యంత్రం గుడ్డిదన్నావు. నన్నూ గుడ్డిదాన్నన్నావు. నీ తూటాలో లోపముంటుందని మాత్రం నీకు తట్టలేదు కదయ్యా!"

ఓర్వల్ గడ్డిలోంచి లేచాడు. ఆమెను దగ్గరికి లాక్కుని, తుపాకీ ఆనిన చెంపను మళ్ళీ మళ్ళీ తడుముతూ ఉండిపోయాడు.