గంపకి అతికించిన మేనమామ

పలాసలో నా చేతికి చిక్కి తెల్లబడని ముఖం లేదు. పగలు ఆఫీసులో గుమాస్తాని. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నానంటే బ్రహ్మదేవుడికి తమ్ముణ్ణి. ఆయన తొందరలో చేసిన తప్పులు నేను ఫొటోల్లో తీరిగ్గా దిద్దుతాను. ఉద్దానంలో ఉన్న కొబ్బరిచెట్ల కంటే నేను బట్టతలల మీద నాటిన వెంట్రుకలు ఎక్కువ. పైగా అవి ఏ తుఫానుకీ పడవు. జీడితోటలో లుంగీ ఎగ్గట్టి నిలబడ్డవాణ్ణి కోటు తొడిగి మంచుకొండ ముందు నిలబెడతాను. పైసా పుచ్చుకోను. పొగడ్త మాత్రం ఒక్కటీ వదలను.

ఈ విద్యలో మనిషిని కత్తిరించి ఇంకో ఫొటోలో పెట్టడం ఎవడైనా చేస్తాడు. వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూసి నీడ వెయ్యడం, అంచులు మెత్తగా చెయ్యడం, ఒంటి రంగూ వెనక రంగూ కలపడం, అదీ పనితనం. ఈ ఉపన్యాసం నేను ఇవ్వని పెళ్లిపంక్తి జిల్లాలో లేదు.

అలాంటి విద్వాంసుణ్ణి సొంత మేనకోడలి పెళ్లి ఫొటోలో లేకుండా పోయాను.

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పది వజ్రపుకొత్తూరు దగ్గర పల్లె. ఒక్కతే కూతురు. మా ఇళ్లల్లో పెళ్లికూతుర్ని వెదురు గంపలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి ఎత్తుకురావాలి. ఆ పిల్లకి మేనమామని నేనొక్కణ్ణే. ఆ రోజు ఈ భూమండలం మీద నేను చెయ్యాల్సిన పని కూడా అదొక్కటే.

అయితే పెళ్లి ఫ్లెక్సీ కూడా నేనే తయారుచేశాను. పొద్దున్న పందిరి ముందు కడుతుంటే చూశాను కదా, పెళ్లికొడుకు పెదనాన్నకి మూడు చేతులు! ఆయన పక్కనున్న మనిషిని తీసేశాను గానీ, ఆ మనిషి ఆయన భుజం మీద వేసిన చేతిని వదిలేశాను. మగపెళ్లివారు చూడకముందే మార్చెయ్యాలని బండేసుకుని టెక్కలి ఫ్లెక్సీ షాపుకి పరిగెత్తాను. చెయ్యి తీసేసరికి పదినిమిషాలు పట్టింది. అప్పుడు ఆయన గెడ్డం కింద ఇంకో గెడ్డం కనిపించింది. అదీ తీశాను. తర్వాత వెనక మబ్బులు బాగోలేదనిపించింది. ఫోను సైలెంట్‌లో ఉంది. నేను కొత్త మబ్బులతో తిరిగి వచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది, తలంబ్రాలు అయిపోయాయి, జనం పనసకాయ కూర దగ్గర ఉన్నారు.

అప్ప ఒక్క మాట అనలేదు. నన్ను భయపెట్టింది అదే. తిట్టవలసిన చోట తిట్టకపోవడం ఆవిడ ఒంట్లో లేదు. నెలరోజులు ఫోను చేస్తే బావే ఎత్తాడు.

"మీ అప్ప తానానికి ఎల్లినాది బావా."

పొద్దున్న చేసినా తానమే, మధ్యాహ్నం చేసినా తానమే. ఆ లెక్కన ఆ ఊరి బావులన్నీ ఎండిపోయి ఉండాలి. పుట్టింటి వైపు ఆవిడకి ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మౌనం ఇలాగే గట్టిపడిపోతే అప్ప నాకు ఉండీ లేనట్టే.

సరే, నాకు తెలిసిన ఉపాయం ఒకటే. పెళ్లి ఫొటోలు తెప్పించుకున్నాను. నా బదులు గంప ఎత్తింది అప్ప పక్కింటి మనిషి, తోటల్లో కొబ్బరికాయలు దింపేవాడు. ఆమెని అప్పా అనే పిలుస్తాడు. ఛాతీ ఇనపబీరువా. ఆ బీరువా మీద నా తల పెడితే తాటిచెట్టుకి నిమ్మకాయ కాసినట్టుంది. తల పెంచాను. అతని మెడ ఎండలో కాలిన మెడ, నాది ఫ్యాను కింద పెరిగిన ముఖం. రెండిటికీ రంగు కలపడానికి రెండు సెలవులు ఖర్చయ్యాయి. పెళ్లి ఫొటోలో లాగే వెలుతురు కుడివైపు నుంచి పడుతున్న నా ఫొటో ఒక్కటే దొరికింది. అందులో నేను ఎవరి రిటైర్మెంటు సభలోనో లడ్డూ తింటున్నాను. అంచేత మేనకోడల్ని బుగ్గ ఉబ్బించుకుని మోస్తున్నాను. ఆప్యాయత అనుకుంటారులే అని సరిపెట్టుకుని, ఫ్రేము కట్టించాను.

ఆషాఢమాసం. కొత్తపెళ్లికూతురు పుట్టింట్లోనే ఉంది. మా ఆవిడతో కలిసి వెళ్లి అప్ప చేతిలో ఫ్రేము పెట్టాను. అప్ప చూస్తోంది. మేనకోడలు వంగి చూస్తోంది. మా ఆవిడ మాత్రం కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది.

"ఏటండీ, మీ సేతి మీద ఆ పచ్చబొట్టేటి? ఆ పేరు ఎవుల్దండి?"

తలకాయకి పట్టిన శ్రద్ధ చేతులకి పట్టలేదు. నెలరోజులకి అప్ప నోరు విప్పింది.

"పక్కింటోడి పెల్లాం పేరే అది. సూడమ్మా, నీ మొగుడి ఇసయం."

మేనకోడలు పకపకా నవ్వి గోడ మీంచి పక్కింటాయన్ని పిలిచింది. అతను వచ్చి ఫొటోని అటూ ఇటూ తిప్పాడు.

"మెడ కాడికి నువ్వు, మెడ కింద నానూనా అన్నా? మరి నడుం నొప్పి ఎవుల్దనుకోవాల? నాలుగు రోజులు సెట్టెక్కనేకపోనాను."

నేను కూడా నవ్వబోయాను. అప్ప నవ్వలేదు.

"పిల్ల గంపలో కూకోని గుమ్మం కేసే సూసిందిరా. మావ వత్తాడు, ఆగండి అని పంతులు గారిని రెండుమార్లు ఆపింది. అది కూడా అతికించీసినావేటి ఇందులో?"

మొదటిసారి తలొంచుకుని, "తప్పయిపోయిందప్పా" అన్నాను. ఆ మాట పెళ్లినాడే అనవలసింది. ఆరోజు నేను మబ్బుల గురించి చెప్పాను.

అప్ప లోపలికి వెళ్లి గంప తెచ్చి నడవలో పెట్టింది.

"ఎత్తు."

"ఇప్పుడేటి, పెల్లి అయిపోనాది కదా!"

"ఎత్తమన్నానా!"

మేనకోడలు అప్పటికే గంపలో కూర్చుంది. "పడీకు మావా, మా ఆయనకి నాను పూర్తిగా కావాల" అంది. ఆ పిల్ల కొబ్బరిమట్టంత సన్నగా ఉంటుంది చూడ్డానికి. ఎత్తితే మూలపేట పోర్టుకి వచ్చిన ఓడ. వెనకవైపు పక్కింటాయన పట్టాడు. లేకపోతే ఈ కథ ఆసుపత్రిలో రాసేవాణ్ణి. గుమ్మం నుంచి దేవుడి గది దాకా ఏడడుగులు. నాలుగో అడుగులో మా ఆవిడ ఫోనుతో ఫొటో తీసింది. కళ్లు మూసుకుపోయాయి, నోరు బావిలా తెరుచుకుంది, పొట్ట చొక్కాలోంచి బయటికొచ్చింది, మూలన మా ఆవిడ బొటనవేలు.

అప్ప ఫోను లాక్కుని ఆ ఫొటో చూసింది. "ఇది కట్టించు. గోడకి ఇదే ఎడతాను" అంది.

"అలాగే. ఆ బొటనవేలు ఒక్కటీ తీసీసి..."

"సెయ్యేసినావంటే సంపీగల్ను! ఎదవ కానా, బుద్ధినేదేటిరా నీకు? ఆడపిల్ల పెల్లి ఒగ్గీసి మబ్బులకి ఎల్లినావు, సిగ్గునేదు..."

నేను నడుం పట్టుకుని నేల మీద కూలబడ్డాను. ఆవిడ తిడుతూనే విస్తరి వేసింది, తిడుతూనే అన్నం వడ్డించింది. నెయ్యి వేసేటప్పుడు కూడా ఆగలేదు.