ఎనిమిది సెకన్లకు కోసిన పాట

పోయిన వారం అమీర్‌పేట మెట్రోలో రైలు మారడానికి ఎస్కలేటర్ ఎక్కాను. నా వెనక మెట్టు మీద ఇద్దరు అమ్మాయిలు ఒకే ఫోన్‌లోకి తొంగిచూస్తున్నారు. అందులోంచి ఆ గొంతు వచ్చింది. ఇనుము మీద ఇనుము గీసినట్టు మొదలై, గొంతు చీలిపోతుందేమో అనిపించే దాకా సాగే ఎనిమిది సెకన్ల అరుపు. వెంటనే అమ్మాయిల నవ్వు. నేను రెండు మెట్లు పైకి ఎక్కేశాను. కోపం వాళ్ల మీద కాదు, వాళ్లకేం తెలుసు. ఆ అరుపుకి మొదట్లో నవ్విన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ గొంతు నా మేనల్లుడిది, మా అక్క కొడుకు. సనత్‌నగర్‌లో వాళ్లది రెండు గదుల ఇల్లు. మా బావ దగ్గర్లోనే ఒక వర్క్‌షాపులో, ఇనుమును గిరగిరా తిప్పుతూ చెక్కే లేత్ మషీను మీద ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాడు. ఆయన చొక్కాలకు నూనె, కాలిన ఇనుము కలిసిన వాసన ఉండేది. అది ఏ సబ్బుకీ లొంగేది కాదు, మా అక్క వాటిని వేరే బకెట్లో నానబెట్టేది. బావ నోరెత్తి మాట్లాడే మనిషి కాదు. కూరలో ఉప్పు మరిచిపోయినా చెప్పడు, రెండో ముద్దకి మనమే కనుక్కోవాలి. అలాంటి మనిషి, నాకు తెలిసి, జీవితంలో ఒక్కసారే అరిచాడు. మేనల్లుడు ఎనిమిదో తరగతిలో ఉండగా, రెండో షిఫ్టులో ఉన్న తండ్రికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే తిరుగుతున్న మషీను బావ గ్లౌజును పట్టుకుని లోపలికి లాగింది. రెండు వేళ్లు పోయాయి. పిల్లవాడు డబ్బా పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడట. ఆ సంగతి వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. మేమూ అడగలేదు. చిన్నవాడు, మరిచిపోయి ఉంటాడనుకున్నాం.

పెద్దవాడై, ఉద్యోగంలో చేరి, ఒక గిటార్ కొని, జుట్టు భుజాల దాకా పెంచాడు. ఇంకో ముగ్గురితో కలిసి యూసుఫ్‌గూడలో పిండి గిర్ని పైన ఒక గది అద్దెకు తీసుకున్నాడు. కింద గిర్ని తిరుగుతుంటే పైన వీళ్ల మోత ఎవరికీ పట్టదని వాళ్ల లెక్క. చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. అక్కడ కూర్చుంటే కాసేపటికి కనుబొమ్మల మీద సన్నగా జొన్నపిండి చేరేది. తాము వాయించేది హెవీ మెటల్ అని, గిటార్ల మోతతో, అరుపులతో సాగే సంగీతమని వాడు నాకు చెప్పాడు. అంతవరకూ నాకు తెలిసిన మెటల్ మా బావ పట్టుకునేదే. "పోరనికి గాలి సోకిందా తమ్మీ?" అని మా అక్క దిగులుపడితే, గాలి కాదక్కా, వయసు అని సర్దిచెప్పాను.

ఒక ఆదివారం నన్ను పిలిచి, వాళ్ల మొదటి సింగిల్ వినిపించారు. ఆల్బమ్ ఏదీ లేకుండా ఒక్క పాటే విడుదల చెయ్యడాన్ని అలా అంటారట. పేరు 'రెండో షిఫ్టు'. నాలుగు నిమిషాలు. ఆ పేరు విన్నాకైనా నాకు తట్టాలి. తట్టలేదు. ఒక్క మాటా అర్థం కాక, చెవుల్లో వేళ్లు పెట్టుకుంటే బాగుండదని చేతులు కట్టుకుని, గోడ మీద అట్టలు లెక్కపెడుతూ కూర్చున్నాను. అయ్యాక "బాగుందిరా" అన్నాను. వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "విన్నవా మామా?" అన్నాడు. విన్నానన్నాను.

పాటను నెట్‌లో పెట్టారు. మొదట విన్నవాళ్లు కొద్దిమందే, వాళ్లూ బాగుందనే అన్నారట. పది రోజులు తిరక్కుండానే ఎవరో మహానుభావుడు అందులోంచి ఆ అరుపును మాత్రం కోసి, భార్య పెట్టిన ఉప్మా నోట్లో పెట్టుకున్న మొగుడి వీడియోకి అతికించాడు. నేను అమీర్‌పేటలోనే ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాను. అది మా స్టాఫ్ గ్రూపులోకి వచ్చింది. స్టాఫ్ రూమ్ అంతా పొట్ట పట్టుకుంది. నవ్వి నవ్వి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అది మావాడి గొంతని తట్టనే లేదు. ఆ నీళ్లు తుడుచుకుంటూనే మా కుటుంబం గ్రూపులోకి పంపి, "అందరిళ్లల్లో ఇంతే" అని రాశాను.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, నువ్వు పంపినవే, గది మన పోరని గొంతట. వాళ్ల నాయిన చెయ్యి పోయిననాటి ఒర్లుడట. నాకేమెరుక? తమ్మి నవ్వొచ్చేది పంపిండని నేనే మీ బావకు చూపిచ్చిన. ఆయన సుత నవ్విండు. గప్పుడే పోరడు ఇంట్లకొచ్చిండు. నాకొక్కదానికే చెప్పిండు, నాయినకు చెప్పొద్దన్నడు."

ఆ రాత్రి సాకులు వెతుక్కున్నాను గానీ ఒక్కటీ నిలబడలేదు.

తర్వాత పంజాగుట్టలోని ఒక టీవీ ఛానల్ వాళ్లు మేనల్లుడిని రమ్మన్నారు. పాట గురించి మాట్లాడిస్తామన్నారు. వాడు నమ్మాడు. అక్క నల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. చేసిన తప్పుకి ఏదో ఒకటి చెయ్యాలి కదా అని నేనూ వెంట వెళ్లాను. స్టూడియోలో చలి, ముఖాలకు రాసే పౌడర్ వాసన. బల్ల మీద, లైట్ల కింద, ఒక ప్లేట్లో చల్లారి గడ్డకట్టిన ఉప్మా. అది చూడగానే నాకు విషయం అర్థమైంది. లేచి వాణ్ణి బయటికి తీసుకుపోవాల్సింది. కూర్చునే ఉన్నాను.

యాంకర్ స్పూన్ అందించింది. "ఏంటి బ్రో, సిగ్గా? ఒక్క ముద్ద తిని అరిచెయ్యండి, జనం వెయిటింగ్!"

"గది ఉప్మా అరుపు కాదు మేడం," అన్నాడు వాడు మెల్లగా. "మా నాయినది. మషీన్ల చెయ్యి పడ్డప్పుడు ఒర్లిండు. నేను ఆడనే ఉన్న."

కెమెరా వెనక నుంచి ఒకతను చెయ్యి ఊపాడు. "అదంతా వద్దు బ్రో, కామెడీ షో ఇది. మూడ్ పాడవుద్ది. మళ్లీ ఉప్మా దగ్గర్నుంచి వద్దాం."

వాడు మైకు విప్పి, ప్లేటు పక్కన పెట్టి, లేచి వెళ్లిపోయాడు. నేనేం చేశానో చెప్పాలి. వాళ్ల వైపు తిరిగి "సారీ అండీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. తలుచుకుంటే నా నాలుక మీద నాకే అసహ్యం వేస్తుంది. వాళ్లు మాత్రం ఏమీ వృథా చెయ్యలేదు. తండ్రి మాట తీసేసి, వాడు లేచి పోవడం ఒక్కటే ఉంచి, వెనక నవ్వులు పెట్టి, ఉప్మాకి భయపడి పారిపోయాడని ప్రసారం చేశారు.

ఆ ఆదివారం సనత్‌నగర్ వెళ్లాను. బావ ముందు మేనల్లుడు తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"మంచిగ పిలిస్తే పోయి, నడిమిట్ల ఎందుకు లేచొచ్చినవ్ రా?" అని అడుగుతున్నాడు బావ.

ఆ అరుపు ఎవరిదో వాడు చెప్పేశాడు. మషీన్ల మోతకి బావ చెవులు ఎప్పుడో మందగించాయి. "మొత్తం పెట్టు," అన్నాడు. ఫోన్‌ను స్పీకర్‌కి కలిపారు. బావ ఆ స్పీకర్ మీద చెయ్యి పెట్టి, మిగిలిన మూడు వేళ్లతో విన్నాడు. నాలుగు నిమిషాలూ విన్నాడు. నేనూ ఆ రోజే మొదటిసారి విన్నాను. తిరిగే మషీను, దాని మీద మాటలు, అరుపు. ఆపైన టక్కున నిశ్శబ్దం.

"గట్ల ఒర్లిన్నా నేను?"

"ఒర్లినవ్ నాయినా."

"నాకు యాదికి లేదు." చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడన్నాడు: "ఒక్కటి తప్పున్నది రా. మషీన్ గట్ల టక్కున ఆగది. బటన్ ఒత్తినంక సుత జరసేపు తిరుగుతనే ఉంటది. గా జరసేపే... గదే కష్టం."

మేనల్లుడు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తండ్రీ కొడుకులు కలిసి వర్క్‌షాపుకి వెళ్లి, ఆగిపోతున్న మషీను చప్పుడు రికార్డు చేసుకొచ్చారు. పాటను మళ్లీ చేశారు. ఇప్పుడు చివర ఆ మషీను తిరిగి తిరిగి, నెమ్మదించి, ఎప్పటికోగాని ఆగదు. వినలేం, వినాలి. విన్నవాళ్లు చాలా తక్కువ. కింద మొదటి వ్యాఖ్య ఎవరో రాశారు: "ఉప్మా ఎక్కడ?" మేనల్లుడు దాన్ని తీసెయ్యలేదు. ఉండనీ మామా, అన్నాడు. వాడిప్పటికీ ఆదివారాలు గిర్ని పైకి పోతాడు. బావ కూడా అప్పుడప్పుడు పోయి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ సంగీతం ఆయనకు నచ్చదు. మషీను చప్పుడు వచ్చేచోట మాత్రం తల ఊపుతాడు.

ఆ ఒక్క అరుపు పిల్లవాడి గొంతులో పాటగా మారడానికి పద్నాలుగేళ్లు పట్టింది. మాకు నవ్వు రావడానికి ఎనిమిది సెకన్లు కూడా పట్టలేదు.