సగం మిగిలిన శిలాఫలకం

తడిగోడ మీద కొత్త సున్నం వాసన వస్తే నాకు జగిత్యాల పాత టౌన్‌హాలు, దానితో పాటు ఖాజా సాబ్ గుర్తుకొస్తారు. ఈ ఉదయం సిరిసిల్లలో మా ఆఫీసుకు సున్నం వేస్తుంటే మళ్ళీ అదే జరిగింది. జగిత్యాలలో నేను గుమాస్తాగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన మా రికార్డు గది చూసుకునేవారు. నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు, 'బిడ్డా' అనేవారు.

తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మెకు దిగినప్పుడు మా టెంటు ఆ హాలు ముందే వేశారు. నిజాం కాలపు రాతి కట్టడం, అప్పుడే కొత్తగా సున్నం వేసిన గోడలో మూడు శిలాఫలకాలు. పొద్దంతా ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. నాకొక నోటుబుక్కు ఇచ్చి, ఒక్కో ఫలకం చదువుతూ రాయించారు. ఉర్దూలో ఉన్నది ఎవరో నవాబు పేరని మేమంతా అనుకునేవాళ్ళం. నిజానికి అందులో ఉన్నవి రాళ్ళు చెక్కిన మేస్త్రీల పేర్లు, వాళ్ళ ఊళ్ళు. కొడిమ్యాల అన్న పేరు దగ్గర ఆయన వేలు ఆగింది. "మీ ఊరే, బిడ్డా" అన్నారు.

మూడో ఫలకం తర్వాతి కాలంలో మరమ్మతులు చేసినప్పటిది. దాని పైభాగాన ఒక మంత్రి పేరుంది. ఆయన తెలంగాణకు అడ్డుపడ్డాడన్న కోపంతో ఒక మధ్యాహ్నం ఊరేగింపులోని యువకులు కొందరు దాన్ని సుత్తెతో కొట్టారు. "ఆగుండ్రి" అన్నారు ఖాజా సాబ్. ఎవరూ వినలేదు. పై సగం ముక్కలై రాలింది. వాళ్ళు వెళ్ళాక ఆయన నేల మీద కూర్చుని, ముక్కలు ఏరి, అక్షరాలు కలిసేలా పేర్చారు.

"ఇది గూడ రాసుకో బిడ్డా. మనోళ్ళే పలగ్గొట్టిండ్రని."

నాకు కోపం వచ్చింది. "మనం గూడ సమ్మెల ఉన్నం గద సాబ్. మనోళ్ళ మీద మనమే రాసుడేంది?"

"మనోళ్ళు గాబట్టే మనం రాయాలె. ఎందుకు కొట్టిండ్రో గది గూడ రాయి. నౌకరీలు లేక తిరిగి తిరిగి యాష్టకొచ్చిన పోరగాండ్లు. పేర్లు మాత్రం అద్దు. కేసులైతే బతుకులు ఖరాబైతయ్."

అయిష్టంగానే రాశాను. ఆఫీసు అలవాటు కొద్దీ 'గుర్తు తెలియని వ్యక్తులు' అని పెట్టాను. ఆయన ఆ మాటలు కొట్టేసి, పైన 'మన పిల్లలు' అని రాశారు.

తెలంగాణ వచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయారు. ఆయన నేర్పిన చదువు ఒక్కోసారి భారంగానే ఉంటుంది. పోయిన వానాకాలం మా ఆఫీసులో పాత రిజిస్టర్లు తడిసి పాడయ్యాయి. కారణం రాయమన్నారు. వాన అని రాస్తే అడిగేవారు లేరు. చివరికి, "కిటికీ మూయడం నేను మరిచిపోయాను" అని రాసి సంతకం పెట్టాను.