వకీలును వద్దన్న ప్రభుదాస్ సార్

గనిలో బ్లాస్టింగు జరిగినప్పుడల్లా గోదావరిఖని కోర్టు కిటికీ అద్దాలు గలగలమంటాయి. మిగతా వకీళ్లు తలెత్తరు. నేను మాత్రం ఇప్పటికీ తలెత్తి చూస్తాను. బోనులో నిలబడ్డ ప్రభుదాస్ సార్ కనిపిస్తారు.

ఆయన మా పక్క క్వార్టరులో ఉండేవారు. బడిపంతులు. గని కార్మికుడైన మా నాన్న నా చదువు పదో తరగతితో ఆపేద్దామంటే, "ఈ పిల్ల మస్తు వాదిస్తది కాకా, లా చదివియ్యి" అని పట్టుబట్టింది ఆయనే. నేను నల్లకోటు వేసుకున్న కొత్తలోనే ఆయన మీద కేసు పడింది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరంతా రోడ్డెక్కిన రోజులవి. రాస్తారోకోలో ఎవరో విసిరిన రాయికి బస్సు అద్దం పగిలి, గాజుపెంకు గుచ్చుకుని డ్రైవరు రాజన్నకు ఒక కన్ను పోయింది. రాయి విసిరింది సారేనని ఒక కానిస్టేబులు చెప్పాడు. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పే మనిషి రాయి విసిరాడంటే మా బస్తీలో ఎవరూ నమ్మలేదు.

కేసు నేను వాదిస్తానని పరుగెత్తాను.

"నా కేసు నేనే చెప్పుకుంట బిడ్డా" అన్నారు.

"నా మీద నమ్మకం లేదా సార్? రాష్ట్రమొస్తే కేసులన్నీ ఎత్తేస్తరంటున్నరు. అందాక వాయిదాలు అడుక్కుంట పోదాం."

"నమ్మకమున్నది. గందుకే వద్దంటున్న."

నాకేమీ అర్థం కాలేదు.

విచారణ రోజు సార్ ఆ కానిస్టేబుల్ని తరగతిలో పిల్లవాణ్ణి అడిగినంత నెమ్మదిగా ప్రశ్నించారు. కాసేపటికే అతను ఆ పూట అక్కడ లేనేలేడని తేలిపోయింది. వెనుక బెంచీ మీద మేం ఒకరి చేయి ఒకరం నొక్కుకున్నాం. గెలిచామనుకున్నాను.

"ఇంకేమైనా చెప్పుకుంటారా?" అని మేజిస్ట్రేటు అడిగారు.

"చెప్త సార్. ఈయన నన్ను చూడలే. చూసినోళ్లు ఎవ్వరూ లేరు. కానీ ఆ రాయి ఏసింది నేనే."

టైపిస్టు వేళ్లు ఆగిపోయాయి. నేను తప్పుగా విన్నానేమోనని పక్కవాళ్ల ముఖాలు చూశాను. అందరూ నాలాగే నోరు తెరిచి ఉన్నారు.

"ఏం చెబుతున్నారో తెలుసా?"

"ఎరుకే సార్. అబద్ధపు సాక్ష్యం మీద జైలుకు పోను. నిజం మీదైతే పోత. వకీలును పెట్టుకుంటే ఈ మాట అననియ్యరు."

అంతకుముందే సాక్ష్యం చెప్పి కూర్చున్న రాజన్న లేచాడు. "నువ్వా సారూ? నా బిడ్డ నీ క్లాసులనే ఉన్నది గద!"

"అవునన్నా. 'మా నాయిన కన్ను ఎవరు తీసిన్రు సార్' అని నన్నే అడిగింది. ఆ పొద్దు సంది నాకు పాఠం నోటికొస్తలేదు."

శిక్ష పడింది. ఉద్యోగం పోయింది. చాలాకాలం నేను ఆయన ముఖం చూడలేకపోయాను. కోపం రాయి విసిరినందుకో, విసిరానని చెప్పినందుకో నాకే తెలియదు. రాష్ట్రం వచ్చాక, బస్తీలో పటాకులు కాలుస్తున్న సాయంత్రం, అప్పటికే జైలు నుంచి వచ్చిన ఆయన్ని అడిగాను: "రాజన్న మాఫ్ చేసిండా సార్?"

"నేనడగలే బిడ్డా. కన్ను పోయినోని మీద ఆ బరువు గూడ పెట్టాల్నా?"

ముద్దాయికి బయటపడే దారి చూపడం నా వృత్తి. చూపుతాను. కానీ కాగితాలు తెరిచే ముందు దెబ్బ తిన్నవాళ్ల గురించి అడుగుతాను. వాళ్ల పేరేమిటి, ఇప్పుడెలా ఉన్నారు, ఇంట్లో పిల్లలున్నారా అని. ఆ ప్రశ్నలకే లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు. వెనక్కి పిలవలేదు.